ఎండకు గడి లేదు

కోకో తోటలో మొదటి వరుస చెట్టు కింద గింజలు కొనే కంపెనీ సర్వే మనిషి అట్ట మీద కాగితం పెట్టుకుని నిలబడ్డాడు. నల్లబడి ఎండిపోయిన పిందెలు దోసిట్లో పట్టుకుని తోట యజమానురాలు ఎదురుగా నిలుచుంది.

"ఏం రాశావో పైకి చదువు బాబూ."

"పిందెలు ఎండడానికి కారణం, రైతు అశ్రద్ధ."

"అశ్రద్ధా? రోజూ రెండు పూటలా ఈ చెట్లకు నీళ్లు మోశాను. నా మోకాళ్లనడుగు, చెబుతాయి."

"నన్నేం చేయమంటారు పెద్దమ్మా? కాగితంలో ఉన్నవి మూడే గళ్లు. తెగులు, పురుగు, అశ్రద్ధ. మీ చెట్లకు తెగులూ లేదు, పురుగూ లేదు."

"అంటే, చెట్లను శుభ్రంగా ఉంచినందుకు నాకీ శిక్షన్నమాట. ఇలా రాస్తే మీ కంపెనీ నా గింజలు తీసుకుంటుందా?"

"వచ్చే ఏడు జాబితాలో మీ పేరుండదు."

"ఇరవై ఏళ్లు కాసిన తోటయ్యా ఇది. రెండేళ్లుగా వాన రావలసినప్పుడు రావడం లేదు, ఎండ పోవలసినప్పుడు పోవడం లేదు. పిందె వేలెడు కాకముందే మాడిపోతోంది. ఎండ అని రాయి."

"ఎండకు గడి లేదమ్మా."

"ఫ్యాను కింద కూర్చుని గళ్లు గీసేవాళ్లకు ఎండెందుకు గుర్తొస్తుందిలే."

"నా మీద కోప్పడితే ఏం లాభం? ముందు కాసిని మంచినీళ్లివ్వండి. తొమ్మిదైనా కాలేదు, నీడలో నిలబడ్డా మాడిపోతున్నాను."

ఆమె దోసిట్లోని పిందెలన్నీ అతని కాగితం మీద పోసింది.

"తెస్తాను, కడుపునిండా తాగు. ఆ తర్వాత కూడా మాడిపోతే, అదీ నా అశ్రద్ధేనని రాసుకో."