మాలకొండయ్య పేరు పెట్టిన ఫైళ్లు

రాహేలు ఉందే, మన పంచాయతీ ఆఫీసులో కంప్యూటరు చూసే పిల్ల, ఆ పొద్దున ఆ పిల్ల ముఖాన నెత్తురుచుక్క లేదంట. ఏమైందంటే, ఇళ్ల స్థలాల జాబితా తెరుచుకోవడం లేదు. ఇరవై ఏడుమంది ఆడవాళ్ల పేర్లు అందులో. పన్నెండింటికి తహసీల్దారు వస్తాడు, అప్పటికి కాగితం చేతిలో పెట్టకపోతే ఆ స్థలాలు పక్క ఊరికి పోతాయి. నొక్కుతుంది, నొక్కుతుంది, అదేమో దీన్ని దేంతో తెరవమంటావు అని అడుగుతుందంట. ఆపి మళ్లీ వేసింది. మళ్లీ అదే అడిగింది. సర్పంచి పోలేరమ్మ పక్కన స్టూలు మీద కూర్చోనుంది. కుర్చీలో ఎవరంటారా? ఇంకెవరు, ఆమె మొగుడు మాలకొండయ్య! నవ్వకండే, మీ ఇళ్లల్లో మాత్రం కుర్చీ మీకిచ్చారా? ఆయన కూర్చున్న చోటి నుంచే, సుత్తితో తెరవమని చెప్పమ్మే, ఆడోళ్ల చేతికిస్తే ఇంతే మరి, అన్నాడంట.

రాహేలు కళ్లనీళ్లు తుడుచుకుని ఒక్కో ఫైలూ నొక్కుకుంటా పోయింది. పదమూడు తెరుచుకోలేదు. పింఛన్లది ఒక్కటి టక్కున తెరుచుకుంది. ఇదెట్టా అని రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, తెరుచుకున్నదాని పేరు చివర ఒక చుక్క, చుక్క ఎనక నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, తోక లాగా. మిగతావాటికి తోక లేదు. తోక ఉండాల్సిన చోట ‘మాలకొండయ్య గారి హయాం’ అని ఉందంట!

ఆయన సంగతి మీకు తెలిసిందేగా. పోలేరమ్మ గెలిచిన కాడి నుంచి నీళ్ల ట్యాంకు మీద ఆయన పేరు, బస్టాపు అరుగు మీద ఆయన పేరు, చెత్తబండి మీద కూడా ఆయన పేరే. కంప్యూటరొక్కటీ మిగిలిందనుకో.

“అయ్యా, పేర్లు మీరు మార్చారా?”

“నిన్న మార్చా. మధ్యలో టీ వచ్చి ఒకటి మిగిలిపోయింది.”

“మారిస్తే ఫైలు పనికిరాకుండా పోవచ్చు, సరేనా అని అది అడగలేదా?”

“ఇంగ్లీషులో ఏందో అడిగింది. సరే అని నొక్కా.”

“పదమూడుసార్లూనా?”

“అడిగినప్పుడల్లా సరే అన్నా. మర్యాద ఉండొద్దూ?”

అప్పుడు నోరు తెరిచిందమ్మా పోలేరమ్మ. “ఆ పెట్టె అడిగితే పదమూడుసార్లు సరే అన్నావు. ఇరవై రెండేళ్లు కాపురం చేశా, నేనడిగితే ఒక్కసారన్నా అన్నావా? లే, కుర్చీలోంచి లే.”

లేచాడంట! రాహేలు ఆయన పేరు తుడిచేసి, చుక్క పెట్టి, తోక తగిలించి నొక్కింది. ఇరవై ఏడు పేర్లూ ఒక్కటి పోకుండా బారుగా వచ్చి నిలబడినాయి. ఆ పిల్ల “దేవా” అని బల్ల మీద తల వాల్చేసింది. పోలేరమ్మ ఆ తల నిమిరి, తన కొంగుతోనే ముఖం తుడిచిందంట. తహసీల్దారు వచ్చేసరికి కాగితం మీద సంతకం చేసి, కుర్చీలో నిబ్బరంగా కూర్చోనుంది.

ఆ జాబితాలో పద్దెనిమిదో పేరు నాదే. ఇల్లు కట్టుకున్నా, సున్నం కూడా కొట్టించా. మాలకొండయ్య వచ్చి గోడ వంక తెగ చూసి పోయాడు. రంగుడబ్బా మాత్రం ఆయనకి దొరక్కుండా నా మంచం కిందే పెట్టా.