ఎనిమిదో మడి

సొన్నాయి అని ఒకావిడ. కొండవాలులో మెట్లు మెట్లుగా ఏడు మడులు, ఆవిడవీ మొగుడు లైకోన్‌వీ. ఏడింటిదీ ఒకే మట్టి కాదనుకోండి. అన్నిటికంటే పైదంతా గులకరాళ్లు, సామలు తప్ప ఏమీ పండవు. నడిమివి ఎర్ర గరప, చోళ్లకి, అదే రాగులకి, మంచిది. కిందిది బంకమట్టి, వరి వేస్తారు. నేను కాలేజీలో ఉన్నప్పుడు మట్టిని సీసాల్లో పోసి చూపించేవారు, సరే, ఆ సంగతి ఇప్పుడెందుకు. సొన్నాయికి అరికాలు చాలు. కళ్లు మూసుకుని నడిచినా ఎన్నో మడిలో ఉందో చెప్పేదంట. లైకోన్‌కి మాత్రం ఆ పైమడి అంటే ఒళ్లుమంట. ఏటా వానకి మట్టంతా కొట్టుకుపోతోంది, వేలెడు లోతు కూడా లేదు, ఈ రాళ్లు దున్నడం కూడా ఒక బతుకేనా అని రోజూ అదే గొడవ.

ఏమైందంటే, ఒక పొద్దున మంచు. మన కొండల్లో మంచు ఎలా పడుతుందో మీకు చెప్పాలా, చాపిన చెయ్యి కనబడదు. లైకోన్ తప్పిపోయిన ఎద్దుని వెతుక్కుంటూ కిందకి దిగాడు. ఎంతకీ రాలేదు. సొన్నాయి వెనకాలే బయల్దేరింది. గులక దాటింది, గరప దాటింది, బంకమట్టి దాటింది. ఆ తర్వాత లోయే కదా? భయపడుతూనే కాలు ముందుకి జరిపింది. మెత్తగా మట్టి తగిలిందంట. వెచ్చగా ఉందంట, మనిషి ఒళ్లు తగిలినట్టు. అది ఏ మట్టో అరికాలికి తెలియలేదు. పక్కన ఎవరో వంగి కలుపు తీస్తున్నారు. ఆ వీపు చూస్తే ఎప్పుడో చచ్చిపోయిన మావగారి వీపులా ఉంది. ఆవిడ పిలవలేదు, పిలిస్తే తిరిగి చూస్తాడేమోనని.

ఇంకాస్త ముందుకెళ్తే లైకోన్ కనబడ్డాడు. నవ్వుతున్నాడు. మన కొండ మీంచి ఇన్నేళ్లూ పోయిన మట్టంతా ఇక్కడే ఉందే అన్నాడంట. "సూడే, మోకాల్లోతు మట్టి." నిజమే, మోకాళ్లదాకా దిగబడి ఉన్నాడు. పోదాం రా మావా అంది. వస్తాన్లే అన్నాడు, కాసేపటికి మళ్లీ ఎంతో గొప్పగా, "తొడల్లోతే," అన్నాడు. పక్కన ఎద్దువి కొమ్ములే పైకున్నాయి. చెయ్యి పట్టి లాగితే ఆవిడ కాలూ దిగబడింది. పైన ఎండ వస్తోంది, మంచు పలచబడుతోంది. మంచు పోతే ఈ మడి ఉండదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, తెలిసిపోయింది, అంతే.

కాలు పీక్కుని పరుగున పైమడికెక్కింది. ఒడినిండా గులకరాళ్లు ఎత్తుకుని, పడుతూ లేస్తూ దిగింది. నడుంలోతు అంటున్నాడు లైకోన్, ఇప్పుడు గొంతులో నవ్వు లేదు. రాళ్లన్నీ అతని ముందు కుమ్మరించింది. ఆ మట్టి మనిషిని మింగుతోంది గాని రాళ్లని మింగలేకపోయిందంట. "సెయ్యి ఆన్చు మావా, ఇది మన పైమడే," అంది. చేతులు ఆన్చి, మోకాళ్లు ఆన్చి, పాకుతూ బయటపడ్డాడు. ఇద్దరూ బంకమట్టి మీద పడేసరికి మంచు విడిపోయింది. వెనక్కి చూస్తే లోయ. ఎద్దు మెడలో గంట మాత్రం కాసేపు కాళ్లకింద మోగిందంట.

లైకోన్ ఆ తర్వాత చాలాకాలం బతికాడు. పైమడిలో రాళ్లు ఏరిపారేద్దామని ఎవరన్నా అంటే కొట్టడానికొచ్చేవాడు. మొన్నామధ్య వ్యవసాయం ఆఫీసువాళ్లు మట్టి పరీక్షకని వచ్చి, మడికో గుప్పెడు తీసి సంచుల్లో కట్టుకున్నారు. కింద ఇంకేమైనా ఉందా తాతా అని నన్నే అడిగారు. ఆవేళ ఎండ ఫెళ్లున కాస్తోంది. ఏడే బాబూ అన్నాను.