సప్పుడు లేని కారు

టెస్ట్ డ్రైవ్‌కు తెచ్చిన హైబ్రిడ్ కారును శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర ఆపించి, షోరూం మనిషి ఫోన్ మాట్లాడుకుంటూ దిగాడు. లోపల మొగుడూ పెళ్లామూ మిగిలారు. భూమి అమ్మిన నాటి నుంచి ఆయన కలల్లో తిరుగుతున్న కారు అది. తీరా నడిపి చూశాక ఆయన మొహం వాడిపోయింది.

"ఏమైందయ్యా? లీటరుకు ఇరవై ఇస్తదంటున్నడు గదా."

"ఇస్తది."

"మరి పికప్ లేదా?"

"మస్తుగున్నది. జర తొక్కితే ఈపు సీటుకు అతుక్కున్నది."

"ఇగ పరేషాన్ ఏంది?"

"సప్పుడు లేదే! ఊర్లెకు రాంగనే బ్యాటరీ మీద పిల్లి లెక్క నడుస్తదట."

"మంచిదే గదా, పెట్రోల్ మిగుల్తది."

"ఏం మంచిది? మీ చెల్లె మొగుడు అత్వెల్లిల మీ తల్లిగారింటికి డీజిల్ బండి ఏసుకొని వస్తే, మలుపు తిరగకముందే మీ నాయిన గేటు తీసి నిలబడ్తడు. బోనాలకు నేను గీ కారుల పోతే ఎవలకు తెలుస్తది? నేనే దిగి గేటు తీసుకోవాలె!"

"హారన్ కొట్టు."

"హారన్ ఆటోలకు గూడ ఉంటది."

ఆమె ఓపిక అక్కడితో అయిపోయింది.

"అట్లయితే మా తమ్ముణ్ని బుల్లెట్ మీద నీ ముందట పంపుత. వాని సైలెన్సర్ సప్పుడుకు మా నాయినే గాదు, వాడకట్టంత బయటికొస్తది."

అది ఎకసెక్కెమని ఆయనకు తట్టనేలేదు. వాడిన మొహం ఒక్కసారిగా వెలిగింది. స్టీరింగ్ నిమురుతూ మెల్లగా అడిగాడు.

"వాని బుల్లెట్ లీటరుకు ఎంతిస్తదే?"