లేచి నిలబడనివాళ్ళు

నాచారంలో యజమాని తాళం వేసిన ఫ్యాక్టరీ గేటు ముందు టెంటు వేసి నలభై రోజులైంది. తోటి కార్మికులు అన్నానికి వెళ్ళగా సారమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. మున్సిపల్ మీటింగు నుంచి తిన్నగా వచ్చిన ఆమె తమ్ముడు, ఆ వార్డు కౌన్సిలర్, చెప్పులు విప్పి చాప అంచున కూలబడ్డాడు. వాడి ముఖం చూసి ఆమె దగ్గరికి జరిగింది.

“ఏమాయెరా?”

“తీర్మానం పాసైందక్కా. రేపటి సంది గేట్ల ముందు టెంట్లు ఎయ్యొద్దంట. ధర్నా జేసేటోళ్లు ఉప్పల్ అవతల మైదానంల కూసోవాలెనంట.”

“ఆడ మా మొర ఎవలింటరు, గొడ్లా? నువ్వేమన్నవు?”

“వద్దనేటోళ్లు లేసి నిలబడున్రి అన్నడు చైర్మన్. లేవనోళ్లంత ఒప్పుకున్నట్టేనంట.”

“లేసినవా?”

“ఎవరన్న లేస్తరేమోనని సూసిన. ఒక్కరు లేసినా నేను గూడ లేద్దును. గంతల్నే అయిపోయింది.”

“ఎవలు లేస్తరనుకున్నవురా? గీ టెంటోళ్లు భుజాల మీద మోసి గెలిపించింది నిన్నొక్కన్నే.”

పోలీసులు వచ్చి చింపకముందే విప్పితే గుడ్డన్నా దక్కుతుందని, సారమ్మ లేచి టెంటు తాడు ముడి పట్టుకుంది.

“నేనిప్పుతనక్కా.”

“వద్దు. నువ్వు కూసో. కూసునుడే గద నీకొచ్చింది.”