ఆగిన ఏడో సంతకం

1988 ఆగస్టు 17వ తేదీన, భిలాయి-3 సమీపాన గల మన అగ్ని ఇటుకల కర్మాగారంలో టైమ్ ఆఫీసు గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించిన రజనీకుమారి గారు, ముప్పై ఏడేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పలాస వైపు నుంచి వలస వచ్చిన కొలిమి కార్మికుని కుమార్తె అయిన ఆమె, తండ్రి గతించిన పిమ్మట తల్లి జోగమ్మ గారితో వైశాలి నగర్‌లో నివసిస్తూ, అవివాహితగానే ఉండిపోయారు. ఆమె కన్నుగప్పి ఆలస్యంగా లోపలికి వచ్చిన మొనగాడు మన ప్లాంటులో ఇంతవరకు పుట్టలేదు!

2009లో కార్మిక సంఘ కార్యవర్గానికి ఎన్నికైన ఏకైక మహిళ ఆమె. ఇటుకను వేలి కణుపుతో తట్టి, ధ్వనిని బట్టి లోపలి పగులును పసిగట్టే పని మన షెడ్డులో స్త్రీలూ చేస్తారు, పురుషులూ చేస్తారు. అప్పట్లో మాత్రం పురుషులకు నిపుణుల వేతనం, స్త్రీలకు సహాయకుల వేతనం! 2016 వేతన ఒప్పందంలో ఈ వ్యత్యాసం తొలగిస్తే తప్ప సంతకం చేయనని ఆమె భీష్మించారు. కార్యవర్గంలో ఏడుగురూ సంతకం చేస్తేనే ఒప్పందం చెల్లడం మన సంఘ సంప్రదాయం. ఏడో సంతకం పడక అందరి పెంపూ ఆగిపోయింది.

ఇక చూడండి! "ఆడోళ్ల కోసం మా పిల్లల నోటికాడ కూడు తీసేస్తావేటమ్మా?" అని కొలిమి విభాగపు బంగార్రాజు గారు టైమ్ ఆఫీసు గుమ్మంలోనే నిలదీశారు. దీదీ అని పిలిచిన నోళ్లన్నీ మూతపడ్డాయి. క్యాంటీన్‌లో ఆమె కూర్చున్న బల్ల వైపు పద్నాలుగు నెలలపాటు ఎవరూ పోలేదు. నడుమ జోగమ్మ గారు కాలం చేస్తే, మన ఆఫీసు నుంచి శ్మశానానికి వెళ్లినవారు ఇద్దరంటే ఇద్దరు. ఇంట్లో పలకరించే మనిషి లేక, టీవీలో వార్తలు చదివేవారికి ఆమె జవాబులు చెప్పేవారట. భయం వేయలేదు గానీ మాటలు లేక గుండె ఎండిపోయిందని తరువాత చెప్పుకున్నారు.

ఆ రోజుల్లోనే మధ్యాహ్న విరామంలో షెడ్డుకు వెళ్లి, అక్కడ ఇటుకలు తట్టే సింహాచలమ్మ గారి వద్ద ఆ పని నేర్చుకోబోయారు. మూడు నెలలకు వేళ్లు వాచాయే తప్ప విద్య పట్టుబడలేదు. "మీది కాయితాల చెవమ్మా, ఒగ్గీండి!" అని, ఇక వదిలేయమంటూ సింహాచలమ్మ గారు పడీపడీ నవ్వారు.

ఆ ఓటమినే ఆమె చర్చల బల్ల మీద పెట్టారు. "డిగ్రీ చదివినదాన్ని, మూడు నెలలు తట్టినా నాకు రాలేదు. ఇది నైపుణ్యం కాకపోతే మరేది బాబూ నైపుణ్యం?" యాజమాన్యం దిగివచ్చింది. సమాన వేతనం వచ్చింది, మన పెంపూ బకాయిలతో సహా వచ్చింది, ఎవరికీ నష్టం కలుగలేదు. అయినా ఆ తరువాత కూడా క్యాంటీన్‌లో ఆమె బల్ల దగ్గరకు తిరిగి వెళ్లడానికి మాకు మొహం చెల్లలేదు.

అక్కడి నుంచి మొట్టమొదట టిఫిన్ బాక్సు ఎత్తుకుని లేచినవాడు, ఇరవై ఏళ్లు ఆమె చేతి పులిహోర తిన్నవాడు, ఈ వ్యాసం రాస్తున్న తిరుమలరావే. మొన్న క్షమాపణ చెప్పబోతే ఆమె చేతిలోని హాజరు పుస్తకం మూశారు. "ఎనిమిదేళ్లు చూశాను తిరుమలరావు గారూ," అన్నారు. "ఏటి, నేను ఎళ్లిపోతే గానీ మీకు మాట రాలేదా?"

రాలేదమ్మా. ఆ అపరాధాన్ని అంగీకరిస్తూ, మీకు సంపూర్ణ ఆరోగ్యమూ దీర్ఘాయుష్షూ, మాకంటే మంచి స్నేహితులూ లభించాలని మనసారా ప్రార్థిస్తున్నాం.