పెన్సిలు గీతలు నావే

తలుపు గడియ పెట్టమంటే అలా చూస్తావేంట్రా? పెట్టు ముందు. కిటికీ కూడా మూసెయ్. ఉక్కపోస్తే పోయనీ.

మంచినీళ్లు వద్దు. నువ్వు కూర్చో. అక్క చెప్పేది అడ్డం రాకుండా విను.

ఇదంతా నీ పుణ్యమే. కాదా మరి? మా యూనివర్సిటీ లైబ్రరీకొచ్చి, నేను చూసే ఎకనామిక్స్ అల్మారాల ముందు నిలబడి, 'అక్కా, ఇవి పుస్తకాలా, చెదపురుగుల మేతా?' అని నవ్విందెవరు? కాలేజీలో ఆ పాఠమే చెప్పే తమ్ముడు అంత మాటంటే నాకు రోషం రాదూ?

ఆ రోషంతోనే కదా అన్నీ పోగేశాను! ప్రొఫెసర్ల వెంటపడి ఏమేం కావాలో కనుక్కున్నాను. రిటైరైన పెద్దాయన ఇంటికెళ్లి, అటక మీది పెట్టెలు తుమ్ముకుంటూ నేనే దింపుకున్నాను. బ్యాంకుల మీద, భూముల మీద, కూలిరేట్ల మీద... పిల్లలు కుర్చీలు చాలనంత మంది వస్తుంటే ఎంత మురిసిపోయానని!

ఆ తిండిగింజల ధరల పుస్తకమూ నువ్వు చెప్పిందే. 'ఇది లేకపోతే నీ లైబ్రరీ దండగ' అన్నావు. అది రాసినాయన్ని మొన్న పోలీసులు పట్టుకెళ్లారని రేడియోలో విన్నాను. తీసి దాచేద్దామనుకున్నాను. అంతలోనే వచ్చేశారు.

ఇద్దరు. మామూలు చొక్కాలే. గొంతు కూడా పెంచలేదురా, అదే భయం! పొడుగాయన బట్టల కొట్లో తానులు తడిమినట్టు పుస్తకాలు తడుముతూ, 'బాగా పెంచారమ్మా ఈ సెక్షన్' అని మెచ్చుకున్నాడు. ఆ పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టాడు.

'దీన్నెవరు చదువుతున్నారు?'

ఎవరూ చదవరు అందామంటే పేజీ పేజీకీ పెన్సిలు గీతలాయె! గీసిన పిల్ల పక్క బల్ల దగ్గరే ఉంది. రోజూ వస్తుంది. ఇంటికి తీసుకెళ్లదు, అక్కడే కూర్చుని చదువుకుంటుంది. పెన్సిలు ఇంకా చేతిలోనే ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. మన అమ్మాయి ఈడుదేరా!

'నేనే' అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలీదు. ధైర్యమా, పాడా! నోరు దానంతటదే అనేసింది. 'మరి ఈ గీతలు?' అన్నాడు. 'అవీ నావే' అన్నాను. ఆయన నవ్వాడు. 'మంచిది. రేపు పొద్దున మా ఆఫీసుకొచ్చి, ఇందులో ఏముందో మాకూ కాస్త విడమరిచి చెబుదురు గాని' అని పుస్తకం చంకలో పెట్టుకుపోయాడు.

తిరిగి చూస్తే ఆ పిల్ల లేదు.

నీ పేరు ఎత్తలేదులే, అలా పాలిపోకు. కానీ ఇప్పుడు నాకు పాఠం చెప్పాలి నువ్వు. ఇన్ని పుస్తకాలకు అట్టలేశాను, నంబర్లేశాను గానీ ఒక్కటి చదివిన పాపాన పోలేదురా. చెప్పు, మొదట్నుంచీ చెప్పు. ఏముంది అందులో?

ఏంటీ? మళ్లీ అను.

నువ్వూ చదవలేదా? అందరూ మెచ్చుకుంటుంటే నువ్వూ మెచ్చుకున్నావా? ఓరి నీ చదువు తగలెయ్య!

హుఁ... నవ్వొస్తోందిరా, ఏడుపూ వస్తోంది. అయితే దాన్ని చదివింది ఆ పిల్ల ఒక్కతేనన్నమాట. వెళ్లి అడుగుదామా? ఎక్కడికని వెళ్తాం? ఎవరమ్మాయో, ఏ వీధో... పేరైనా అడిగినదాన్ని కాదు.

పోన్లే. రేపు వాళ్లెంత బెదిరించినా, తెలియని పేరు నా నోట్లోంచి ఎలా వస్తుంది?