రెండో గ్లాసు

కుడి చెయ్యి పడిపోయి విజయవాడ ఆసుపత్రిలో ఉన్న మాణిక్యమ్మను చూడటానికి మరిది వెంకటసుబ్బారావు ఉయ్యూరు నుంచి వచ్చాడు. ఆమె కాఫీ హోటలు తాళాలు అతని జేబులో ఉన్నాయి. ఆమెకు చికిత్స చేసే మార్త అప్పుడే అతనికి కాఫీ తెచ్చి ఇచ్చింది.

"కాఫీ అంటే ఇదీ! ఆసుపత్రిలో ఇంత చిక్కటి డికాక్షనా? మార్తమ్మగారూ, ఇంకో గ్లాసు దొరుకుతుందా?"

"లోపలుందండీ, తెస్తాను."

"నువ్వు తాగవా, వదినా?"

"నా సంగతి తర్వాత. తాళాలు ఇలా ఇవ్వు."

"ఎక్కడికి పోతాయిలే. ముందు ఒంట్లో ఎలా ఉందో చెప్పు."

"నీ జేబులో గలగలమంటున్నాయి, సుబ్బారావ్. ఇవ్వు."

"అదే వదినా... హోటలు మన పక్క కొట్టు హనుమయ్యకి అప్పజెప్పేద్దామని అనుకున్నాం. లక్ష్మివారం నుంచి అతనే తెరుస్తాడు."

"ఎవరనుకున్నారు? నేనా?"

"నువ్వు మా ఇంట్లో దర్జాగా కూర్చో. మా ఆవిడ అన్నం కలిపి నోట్లో పెడుతుంది. నీకేం లోటు?"

"నోట్లో పెట్టించుకోవడమే లోటు."

"ఇదిగోండి, రెండో గ్లాసు."

"మీరైనా చెప్పండి మార్తమ్మగారూ. అసలు ఆ చెయ్యి వస్తుందా, రాదా?"

"రావచ్చు, రాకపోవచ్చు. అందాకా చూస్తూ కూర్చోకుండా, ఉన్న చేత్తో బతకడం నేర్పడమే నా పని. చీర తనే కట్టుకుంటున్నారు. జుట్టు ముడి తనే వేసుకుంటున్నారు. మొదట్లో నా మీదికి గ్లాసు విసిరారు లెండి."

"విసరనా మరి? ఆయాని తినిపించొద్దందీవిడ! ఆకలికి చచ్చాను."

"ఏ చేత్తో విసిరారో చూసుకోమన్నాను. అంతే."

"ఆగండాగండి. అంటే ఎడం చేత్తో... ఎడం చేత్తో తింటోందా?"

"తింటున్నా. ఏం?"

"ఛీ ఛీ! ఆసుపత్రిలో చెల్లుతుంది వదినా. బస్టాండులో మన హోటల్లో చెల్లదు. పొద్దున్నే వచ్చే పెద్దమనుషులు ఎడం చేత్తో కలిపిన కాఫీ ముట్టుకుంటారా?"

"రుచి తెలిస్తే ముట్టుకుంటారు."

"ఒక్కడు! ఒక్కడు తాగనీ! తాగి బాగుందననీ! ఆ క్షణమే తాళాలు నీ చేతిలో పెడతా. పోయిన అన్నయ్య మీద ఒట్టు."

"మీ అన్నయ్య మీదా? మళ్ళీ అను."

"ఒట్టే! కావాలంటే మార్తమ్మగారే సాక్షి."

"విన్నానండీ."

"సుబ్బారావ్, అడుగున గుక్క మిగిల్చావు. అదీ తాగెయ్యి."

"తాగాను. అయితే?"

"మార్తమ్మా, లోపల స్టవ్వు వెలిగించిందెవరో, ఫిల్టరు జారకుండా కింద తడిగుడ్డ వేసి పొడి దట్టించిందెవరో చెప్పండి."

"నేను చెప్పడమెందుకండీ, ఆయన మొహం చూడండి. అర్థమైపోయినట్టుంది."

"ఇంకేం మరిదీ, తాళాలు తియ్యి... ఆ కుడి చేతిలో కాదు. ఇదిగో, నువ్వు అడిగి మరీ రెండో గ్లాసు తాగావే, ఆ కాఫీ కలిపిన ఈ చేతిలో పెట్టు."